సుందరం గారి గొంతు కోసం పంజాగుట్ట దాకా

హైదరాబాదు నుంచి వచ్చి పన్నెండు రోజులైంది. కనపడిన ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతున్నారు: సినిమా స్కూల్లో పది రోజులు ఏం చేశావు, హీరోలెవరైనా కనపడ్డారా అని. హీరోలెవరూ కనపడలేదు. కానీ నేనే ఒక వేషం వేశాను, బస్సులో దారి తప్పాను, ఒక పెద్దమనిషి చేత చివాట్లు తిన్నాను. అన్నిటికన్నా ముఖ్యంగా, రెండు నెలలుగా గుండెల మీద మోస్తున్న బరువొకటి దించుకుని వచ్చాను. నోటితో చెబుతుంటే ప్రతిసారీ ఏదో ఒక ముక్క తప్పిపోతోంది. అందుకని వరుసగా రాసేస్తున్నాను.

మాది పాలకొల్లు. మా ఆయన సూర్యనారాయణ పెళ్ళిళ్ళకు వీడియో తీస్తారు. ఆయన తీసుకొచ్చిన క్యాసెట్లను ఇంట్లో రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టి కలిపేది నేను. దాన్నే మేం మిక్సింగ్ అంటాం. అక్కర్లేనివి తీసేసి, పేర్లు వేసి, పందిట్లో గోలంతా పోవడానికి అసలు శబ్దం తీసేసి సినిమా పాటలు పెడతాం. తలంబ్రాలకు ఒక పాట, అప్పగింతలకు ఒక పాట. పదమూడేళ్ళుగా అలాగే చేశాను. ఎవరూ తప్పు పట్టలేదు.

శ్రావణమాసంలో ఒకరోజు మధ్యాహ్నం శాంతి మా స్టూడియోకి వచ్చింది. కండక్టర్ సుందరం గారి అమ్మాయి. రెండేళ్ళ క్రితం ఆ పిల్ల పెళ్ళికి మేమే వీడియో తీశాం. సుందరం గారు భీమవరం బస్సు మీద పనిచేసేవారు. బస్టాండులో ఆయన "వీరవాసరం, భీమవరం" అని కేకేస్తే మా కొట్లో కూర్చున్న నాకు వినపడేది. గడియారం చూడకుండా టైము తెలిసిపోయేది. ఆ గొంతు తెలియనివాళ్ళు ఆ రోడ్డు పొడుగునా లేరు. ఆరు నెలల క్రితం ఆయన గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. ఇప్పుడు డిపోలో కూర్చుని చేసే పని ఇచ్చారు.

"ఆంటీ, మా పెళ్ళి క్యాసెట్లో నాన్న మాట ఒక్కటీ లేదు" అంది శాంతి. అప్పగింతలప్పుడు ఆయన ఆమె చెవి దగ్గరకు వంగి ఏదో చెప్పారట. తను ఏడుస్తోంది, సన్నాయి మోగుతోంది, ఒక్క ముక్కా వినపడలేదు. మళ్ళీ ఎప్పుడైనా అడుగుదాంలే అనుకుంది. "ఇప్పుడు రాసివ్వమంటే రాసిస్తారు. నాకు అలా వద్దు. ఆయన గొంతుతోనే వినాలి" అంది.

ఆ చోట సినిమా పాట పెట్టింది నేను. శాంతి ఆ మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

షూటింగ్ చేసిన అసలు క్యాసెట్లను మేం మళ్ళీ వాడేస్తాం. ఆ ముహూర్తం క్యాసెట్ ఈ ముహూర్తానికి పనికొస్తుంది. శాంతి పెళ్ళి క్యాసెట్ మాత్రం బీరువా వెనక పడిపోయి బతికింది. రెండు వానాకాలాల చెమ్మకు లోపల తెల్లగా బూజు పట్టింది. దొరికిందన్న సంతోషంలో నేను ఆలోచించకుండా మెషీన్లో పెట్టాను. గరగరమని చప్పుడైంది. ఆపి బయటికి లాగేసరికి టేపు చీర కుచ్చిళ్ళలా ముడతలు పడి ఉంది. అదీ సరిగ్గా అప్పగింతల దగ్గర.

శాంతికి "దొరికిందమ్మా" అని చెప్పాను. నలిగిపోయిందని చెప్పలేకపోయాను. వాళ్ళ నాన్నకు ఇప్పుడే చెప్పొద్దంది, ఆశ పెట్టుకుంటారని.

మా ఆయనే దారి చూపించారు. పంజాగుట్టలో సినిమాకీ టీవీకీ పనివాళ్ళను తయారుచేసే స్కూలు ఒకటుంది, అక్కడ కంప్యూటర్ మీద ఎడిటింగ్ పది రోజుల్లో నేర్పుతున్నారు. భీమవరంలో స్టూడియోలన్నీ అప్పటికే కంప్యూటర్లోకి మారిపోతున్నాయి. మనమూ ఎలాగూ నేర్చుకోవాలి, తనకు ముహూర్తాలున్నాయి, నువ్వెళ్ళు, అక్కడ ఈ టేపు బాగుచేసేవాళ్ళు కూడా ఉండొచ్చు అన్నారు. పెళ్ళయ్యాక ఒంటరిగా రైలెక్కడం అదే మొదలు. క్యాసెట్‌ను మెత్తటి పాత చీరముక్కలో చుట్టి చేతిసంచిలో పెట్టుకున్నాను.

అమీర్‌పేటలో కాగితాల వాన

బస్సు దిగిన చోటి నుంచి హాస్టల్ దాకా ఎంతో దూరం లేదు. ఆ కాస్త దూరంలో నా చేతిలో పదకొండు కాగితాలు పెట్టారు. జావా, ఒరాకిల్, ఇంకా నోరు తిరగని కంప్యూటర్ కోర్సుల పేర్లు. నలభయ్యేళ్ళ ఆడమనిషిని, చేతిలో సంచి, తలలో కనకాంబరాలు. అయినా ఇచ్చారు. ఒకతను మాత్రం ఒక్క క్షణం ఆగి చూసి, "మీ పిల్లలకు ఇయ్యున్రి అక్కా" అన్నాడు. గోడ మీద గోడ కనపడకుండా బోర్డులు. మైత్రీవనం అనే పెద్ద భవనం ముందు ఉదయం ఆరింటికే తిరనాళ్ళలా జనం. అందరి భుజాలకూ ఒకే రకం సంచి, అందరి ముఖాల్లోనూ ఒకే రకం తొందర. మా ఊళ్ళో ఇంతమంది కుర్రవాళ్ళు ఒకచోట చేరితే సినిమా రిలీజైందనుకుంటాం.

హాస్టల్ గదిలో నాలుగు మంచాలు. నా పక్క మంచం మాధవిది. ఒంగోలు దగ్గరి పిల్ల, జావా నేర్చుకుంటోంది. నన్ను చూసి ఎవరిదో తల్లి చూడటానికి వచ్చిందనుకుని, "మీ అమ్మాయి ఏ కోర్సు ఆంటీ?" అని అడిగింది. కోర్సు నాదేనని చెప్పాను. కాసేపు నమ్మలేదు. నమ్మాక గదిలో అందరికీ తనే చెప్పింది, ఈ ఆంటీ సినిమా కోర్సంట అని. తన క్లాసులో నూట యాభై మంది ఉంటారట. ఆలస్యమైతే గోడకు ఆనుకుని నిలబడి రాసుకోవాలట. ఉద్యోగాలు తగ్గాయని ఈ మధ్య అంటున్నారని, ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి చెప్పడం లేదని చెప్పింది. నేనూ శాంతికి చెప్పని సంగతి మాధవికి చెప్పేశాను. కొత్తవాళ్ళకు చెప్పడం తేలిక.

మాధవి ఆ క్యాసెట్ తీసుకుని తన పెట్టెలో బట్టల మధ్య పెట్టి తాళం వేసింది. అక్కడ చెమ్మ తగలదంది.

తిండి గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ప్లేటు ఇడ్లీ ఎనిమిది రూపాయలు, మన దగ్గర నాలుగు. చట్నీ ఎంత కావాలంటే అంత పోస్తారు గానీ అల్లం తగలదు. రాత్రి హాస్టల్లో చపాతీలు. రెండో రోజుకు నా ప్రాణం పెరుగన్నం కోసం కొట్టుకుపోయింది.

పంజాగుట్ట, మూడో అంతస్తు

స్కూలంటే పెద్ద ఆవరణ, తోటా ఊహించుకున్నాను. తీరా చూస్తే కింద చీరల కొట్టు, పైన పళ్ళ డాక్టరు, ఆ పైన స్కూలు. మెట్లెక్కి ఆయాసపడుతూ నిలబడితే కౌంటర్ దగ్గర అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "మదర్ రోల్‌కేనా?" అని ఒక కాగితం చేతిలో పెట్టింది. చదవమంది. ఫారం కాబోలనుకుని పైకి చదివాను: "చేతులు కడుక్కో. చారు చల్లారిపోతుంది." ఇదేం ఫారమా అని తలెత్తితే వెనక నుంచి ఒక అమ్మాయి చప్పట్లు కొట్టింది.

ఆ అమ్మాయి స్వప్న. సిద్దిపేట పిల్ల, డైరెక్షన్ నేర్చుకుంటోంది. కోర్సు చివర ఐదు నిమిషాల సినిమా తీసి చూపించాలి. అందులో తల్లి వేషానికి వారం రోజులుగా మనుషుల్ని చూస్తోంది. వచ్చినవాళ్ళంతా ఏడ్చేస్తున్నారట. నేను ఎడిటింగ్ నేర్చుకోవడానికి వచ్చానని చెప్పినా వదల్లేదు. "అక్కా, మీరు చదివినట్టు ఎవ్వరూ చదవలే. ఒక్క సీనే. జర చెయ్యున్రి" అంది. చూద్దాంలే అని తప్పించుకున్నాను.

క్లాసులో పన్నెండు కంప్యూటర్లు, పదిహేను మంది. అందరూ నా కొడుకు వయసువాళ్ళు. మొదటిరోజు మాస్టారు ఒక పెళ్ళి సీను తెర మీద పెట్టి ముక్కలుగా కోసి, మధ్యలో ముక్క తీసేసి, మళ్ళీ ఒక్క మీట నొక్కి దాన్ని వెనక్కి తెచ్చారు. కంప్యూటర్లో ఎంత కోసినా అసలు అలాగే ఉంటుందట. మిగతావాళ్ళు తల కూడా ఎత్తలేదు. నేను మాత్రం ఇంకోసారి చూపించమని అడిగాను. పదమూడేళ్ళుగా నేను కోసినవేవీ వెనక్కి రాలేదు.

క్లాసయ్యాక టేపు సంగతి ఎవరినడగాలంటే, సౌండ్ గదిలో ఖలీల్ సాబ్‌ను అడగమన్నారు. గదిలో ఎవరూ లేరు. చేతిలో సంచి బరువనిపించి, పొద్దున మాధవి పెట్టెలోంచి తెచ్చుకున్న క్యాసెట్ తీసి పక్కనున్న నల్లటి పెట్టె మీద పెట్టి నిలబడ్డాను. తలుపు తోసుకుని వచ్చిన పెద్దాయన నన్ను చూడలేదు, నమస్కారం అందుకోలేదు, ఒక్క అంగలో వచ్చి ఆ క్యాసెట్ లాక్కున్నారు.

"ఎవరు పెట్టిన్రు గిది గీడ? అది స్పీకరమ్మా. లోపల ఇంత పెద్ద అయస్కాంతం ఉంటది. క్యాసెట్ల ఉన్నదంత తుడిచి పెడ్తది."

అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను. ఆయన కాస్త తగ్గి మంచినీళ్ళిచ్చారు. క్యాసెట్‌ను కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశారు. ఏముంది ఇందులో అని అడిగారు. ఒక తండ్రి మాట ఉందని, ఆయనకిప్పుడు మాట లేదని చెప్పాను. ఆ చోట పాట పెట్టింది నేనేనన్నది మాత్రం మింగేశాను. నిమిషం కూడా కాలేదు కదా పెట్టి, ఫికర్ చెయ్యకు, ఏం కాదు అన్నారు. రేపు నాలుగింటికి రమ్మన్నారు.

లక్డీకాపూల్, పొరపాటున

మర్నాడు మధ్యాహ్నం క్లాసు లేదు. హాస్టల్లో కాస్త నడుం వాల్చి, మూడున్నరకు బస్సెక్కాను. అమీర్‌పేట తరువాత పంజాగుట్ట ఎంతసేపు, మహా అయితే రెండు మూడు స్టాపులు. ఇక్కడ ఆడవాళ్ళు ముందు తలుపు నుంచి ఎక్కుతారు, వెనక నుంచి మగవాళ్ళు. కండక్టరు ఎక్కడో మధ్యలో ఇరుక్కుని ఉంటాడు. అతను స్టాపు పేరు తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పాడు. నేను మన సుందరం గారి లెక్కలో, కేక వినపడుతుందిలే అని కూర్చున్నాను. ఎంతకీ వినపడలేదు. పక్కన బురఖా వేసుకున్న ఆవిడను పంజాగుట్ట ఎప్పుడొస్తుందని అడిగితే, "పంజాగుట్ట ఎప్పుడో పోయింది కదమ్మా. గిది లక్డీకాపూల్" అంది.

ఆవిడా అక్కడే దిగింది. ఏదో ఆఫీసులో పనిచేసే తమ్ముడికి టిఫిన్ డబ్బా ఇచ్చి వెళ్ళాలట. నన్ను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. నా ముఖం చూసి భయపడ్డానని అర్థమైందేమో, ముందు చాయ్ తాగు, బస్సులు నిమిషానికొకటి వస్తాయి అంది. ఇరానీ చాయ్ అప్పుడే మొదటిసారి తాగాను. చిక్కగా, తియ్యగా, కాస్త ఉప్పగా ఉండే బిస్కెట్ ముంచుకుని. మన టీ కంటే రూపాయి ఎక్కువ. గ్లాసు కాదు, సాసర్‌తో కప్పు ఇచ్చారు. ఆవిడ పేరు అడగడం మరిచిపోయాను. బస్సెక్కించి, కండక్టర్‌కు నా గురించి గట్టిగా చెప్పి మరీ దిగింది.

స్కూలు చేరేసరికి ఐదు కావస్తోంది. ఖలీల్ గారు వెళ్ళిపోయి ఉంటారని మెట్ల మీదే ఏడుపొచ్చింది. ఆయన వెళ్ళలేదు. పాత వీసీఆర్ ఒకటి విప్పి ముందేసుకుని దాని లోపలి భాగాలు దూదితో తుడుస్తున్నారు. నా టేపు కోసమే. తల ఎత్తకుండానే, లక్డీకాపూల్ దాకా పోయినవా అని అడిగారు. ఎలా తెలిసిందంటే, కొత్తగా వచ్చినోళ్ళందరూ ఆడికే పోతరు అన్నారు.

చేతులు కడుక్కో

ఐదో రోజు స్వప్న పట్టు నెగ్గించుకుంది. ఖలీల్ గారి పనికి మంచి మెషీన్ కావాలి. అది విద్యార్థుల సినిమాలకు కేటాయించింది. స్వప్న తన వంతు టైములో రెండు గంటలు నాకిస్తానంది. ఆ పిల్ల బదులేమీ అడగలేదు. అడగకపోవడం వల్లే నేను ఒప్పుకున్నాను.

ఒక గదిలో ప్లైవుడ్ గోడలు నిలబెట్టి వంటిల్లు చేశారు. స్టవ్ ఉంది, గ్యాస్ లేదు. అన్నం, చారు హోటల్ నుంచి తెప్పించారు. కథ చిన్నది: ఇంటర్వ్యూలో తప్పిన కూతురు ఇంటికొస్తుంది. తల్లి ఏమీ అడగదు, అన్నం వడ్డిస్తుంది. నాకున్నవి ఆ రెండు వాక్యాలే. వేలమందిని కెమెరా ముందు నవ్వండి, ఇటు చూడండి అని మా ఆయన నిలబెడితే, ఆ బొమ్మలు చూస్తూ ముఖం బిగబెట్టుకున్నారేమిటని నవ్వుకునేదాన్ని. లైట్లు నా ముఖం మీద పడేసరికి నాకు నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పద్నాలుగు సార్లు చేశాం. స్వప్న ప్రతిసారీ "మస్తు చేసిన్రక్కా, ఇంకొక్కసారి" అనేది. నిజానికి సగం సార్లు ఆపింది ఖలీల్ గారు. పొడుగు కర్రకు మైకు కట్టి నా తల మీద పట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడ్డారు. గరిటె తిప్పగానే "అమ్మా, గాజులు" అన్నారు. గాజుల మధ్య దూది కుక్కారు. తరువాత పట్టుచీర గరగర. హాస్టల్‌కు ఫోన్ చేసి మాధవి చేత నూలుచీర తెప్పించాను. మా ఇంట్లో నేను పారేసే చప్పుళ్ళన్నిటినీ ఈయన ఒక్కొక్కటిగా వింటున్నారు.

అంతా అయ్యాక అందరినీ కదలకుండా నిలబడమన్నారు. అర నిమిషం పాటు ఎవరూ మాట్లాడలేదు. ఖాళీ గదిని రికార్డు చేశారు. ఎందుకని అడిగితే, ఎవ్వరు మాట్లాడకున్నా గదికి ఒక ఆవాజ్, అంటే చప్పుడు, ఉంటుందని, అది లేకపోతే మాటల మధ్య చచ్చిపోయినట్టు ఉంటుందని చెప్పారు.

అప్పుడిక ఉండబట్టలేక చెప్పేశాను. శాంతి పెళ్ళిలో ఆ శబ్దం తీసేసింది నేనేనని, పదమూడేళ్ళుగా అందరి పెళ్ళిళ్ళలోనూ తీసేశానని, ఎన్ని పెళ్ళిళ్ళో లెక్క లేదని. తిడతారనుకున్నాను. మైకు కర్ర మడిచి గోడకు ఆనించి ఆయన అన్నది ఇదే:

"పాట పెట్టుడు తప్పు కాదమ్మా. అందరు అడుగుతరు, పెట్టాలె. అసలు పారేసుడు తప్పు. గా పని ఒక్కటి మార్చుకో, చాలు."

స్పిరిటు, దూది

ఆరు, ఏడు రోజులు సాయంత్రాలు ఆ పనిలోనే గడిచాయి. ఖలీల్ గారు క్యాసెట్ మరలు విప్పి టేపు చుట్టను బయటికి తీశారు. నా చేతికి తెల్లటి గ్లవుజులిచ్చారు. ఒక చివర ఆయన, ఒక చివర నేను. జానెడు టేపు లాగడం, స్పిరిట్‌లో తడిపిన దూదితో బూజు తుడవడం, ఆరనివ్వడం, చుట్టడం. మా అత్తగారితో కలిసి అప్పడాలు ఒత్తిన రోజులు గుర్తొచ్చాయి. అంత నిదానం.

ముడతలు పడిన చోటికి వచ్చేసరికి ఆయన భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశారు. తరువాత నన్ను పిలిచి చూపించారు. టేపు మధ్యలో బొమ్మ ఉంటుంది, పై అంచున సన్నటి గీతలా మాట ఉంటుంది. నా మెషీన్ నలిపింది మధ్యనా, కింది అంచునా. పై అంచు బాగానే ఉంది.

"బొమ్మ మీద నాకు ఉమీద్ లేదు. మాట మీద ఉన్నది" అన్నారు. ఉమీద్ అంటే ఆశట.

ఆ రాత్రి హాస్టల్లో చపాతీలు మూడు తిన్నాను. మాధవి వింతగా చూసింది.

ఒక్కసారే

ఎనిమిదో రోజు పదకొండింటికి, స్వప్న ఇచ్చిన టైములో కూర్చున్నాం. టేపును కొత్త క్యాసెట్ డబ్బాలోకి మార్చారు. ఖలీల్ గారు ముందే హెచ్చరించారు: ఇది ఒక్కసారి తిరిగితే చాలు, రెండోసారి తిరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు, మధ్యలో తెగినా తెగొచ్చు. అందుకని తిరుగుతుండగానే కంప్యూటర్లోకి ఎక్కించాలి. రికార్డు మీట నొక్కే పని నాది. వేలు మీట మీద పెట్టగానే స్వప్న నా మణికట్టు పట్టుకుంది.

మొదట పందిరి, జనం, మా ఆయన లైటు పట్టుకునేవాడిని తిట్టడం. అది కూడా నేనెప్పుడో తీసేసిందే. తలంబ్రాలు బాగానే వచ్చాయి. అప్పగింతల దగ్గర బొమ్మ ఒక్కసారి ఎగిరిపడింది. తెర నిండా అడ్డగీతలు. శాంతి ముఖం ముక్కలైంది, సుందరం గారి భుజం ఒకటి కనపడి మాయమైంది. తరువాత అంతా బూడిదరంగు. నేను కళ్ళు మూసుకున్నాను. సన్నాయి మాత్రం ఆగలేదు. డోలు ఆగలేదు. ఆ మోతలో ఎవరో మాట్లాడుతున్నారు. ఏమంటున్నారో తెలియడం లేదు, కానీ ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు.

టేపు తెగలేదు. చివరిదాకా తిరిగి ఆగింది.

డోలు మోతను తగ్గించడానికి ఖలీల్ గారికి ఇంకో గంట పట్టింది. ఏవేవో బొత్తాలు అటూ ఇటూ తిప్పుతూ, ఒక చోట ఆగి, కళ్ళు మూసుకుని విన్నారు. ఇంకోసారి విన్నారు. హెడ్‌ఫోన్లు తీసి తన జేబురుమాలుతో తుడిచి నాకిచ్చారు.

"శాంతమ్మా, ఏడవకు. పొద్దున్నే ఆరున్నర బండి మీద నేనే ఉంటాను కదా. మీ ఇంటి ముందు నుంచే పోతుంది. రావాలనిపిస్తే ఎవర్నీ అడగక్కర్లేదు. రోడ్డు మీదకొచ్చి నిలబడు. అక్కడ స్టాపు లేకపోయినా ఆపుతాను."

హెడ్‌ఫోన్లు తీసి స్వప్నకిచ్చాను. ఆ తండ్రి ఏం పని చేస్తాడని ఖలీల్ గారు అడిగారు. కండక్టరని చెప్పాను. ఆయన తల ఊపి, కుర్చీ వెనక్కి జరిపి లేచారు. కిటికీ తెరిచి కాసేపు కింద రోడ్డు చూస్తూ నిలబడ్డారు. స్వప్న ముక్కు తుడుచుకుంటూ, ఈ రోజే మా నాయినకు ఫోన్ చేస్తనక్కా అంది.

ఖలీల్ గారు మూడు కాపీలు చేశారు: ఒక క్యాసెట్, రెండు సీడీలు. ఒకటి స్కూల్లోనే ఉంచుతానన్నారు, ఎప్పుడైనా పనికొస్తుందని. ఏమైనా తీసుకోమంటే వినలేదు. పంపితే మీ ఊరి పూతరేకులు పంపమన్నారు. అవి మా ఊరివి కాదు, ఆత్రేయపురానివి అని చెప్పాను. ఏడివైనా మంచిదే అన్నారు.

మిగిలిన రెండు రోజులు క్లాసులో నేను నేర్చుకున్నంత వేగంగా ఎవరూ నేర్చుకోలేదని మాస్టారు అన్నారు. బుర్ర మీద బరువు లేకపోతే అన్నీ ఎక్కుతాయి. చివరి సాయంత్రం మాధవి, స్వప్న, నేను అమీర్‌పేటలో గాజుల కొట్లన్నీ తిరిగి, ఒక్కటీ కొనకుండా మిరపకాయ బజ్జీలు తిని వచ్చాం. బజ్జీ మాత్రం మన దగ్గరే నయం. అక్కడ వాము పెట్టరు.

మళ్ళీ పాలకొల్లు

రైలు దిగి ఇంటికి వెళ్ళకుండా సరాసరి సుందరం గారింటికి వెళ్ళాను. ముందే ఫోన్ చేసినందువల్ల శాంతి వీరవాసరం నుంచి వచ్చి ఉంది. మొదట తనను పక్కకు పిలిచి, టేపు నలిపింది నేనేనని, చెప్పకుండా దాచానని, బొమ్మ రాలేదని చెప్పాను. "మాట?" అంది. వచ్చిందన్నాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు.

సుందరం గారు డిపో నుంచి వచ్చి భోజనానికి కూర్చోబోతున్నారు. ఇక దాచడం ఎందుకని శాంతే ఆయన్ను లోపలికి తీసుకొచ్చి టీవీ ముందు కూర్చోబెట్టింది. క్యాసెట్ పెట్టాను. బొమ్మ చెదిరి తెర బూడిదరంగులోకి మారగానే ఆయన లేచి టీవీ బాగుచేయబోయారు. నేను వారించాను. అప్పుడు మాట వచ్చింది. వంటింట్లో నుంచి ఆయన భార్య చేతిలో గిన్నెతో అలాగే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

శాంతి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చివరి మాట అయ్యేదాకా తల వంచుకుని విని, వాళ్ళ నాన్న వైపు తిరిగింది. ఆయన చొక్కా జేబులో నుంచి చిన్న పుస్తకం, పెన్ను తీసి ఏదో రాసి ఆమెకు ఇచ్చారు. ఆమె చదివి, నవ్వు ఆపుకోలేక ఆ పుస్తకం నా చేతికిచ్చింది.

"ఆరున్నర కాదు. ఆరూ నలభై. ఆ రోజు కంగార్లో తప్పు చెప్పాను" అని ఉంది.

"అయితే పది నిమిషాలు ఊరికే రోడ్డు మీద నిలబడేదాన్నన్నమాట" అంది శాంతి.

సుందరం గారు భుజాలు అదిరేలా నవ్వారు. కళ్ళు తుడుచుకున్నారు. తరువాత, మళ్ళీ మొదటి నుంచి పెట్టమని నాకు సైగ చేశారు.